మూడో ప్రశ్న

ఎచ్చెర్లలో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు మాకు.
టీకి ముందు అర్థశాస్త్రం మేడమ్ చెప్పారు:
నమ్మకమంటే పందెం,
తిరిగొస్తుందని లెక్కగట్టుకుని చెయ్యి వదలడం.
టీ తర్వాత మనస్తత్వశాస్త్రం ఆయన, గొంతు తగ్గించి,
దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలిసీ
చొక్కా గుండీ విప్పడం, అన్నారు.
సమాజశాస్త్రం వారికి అది వంతెన.
స్తంభాలు లెక్కపెట్టి ఎవరూ నాగావళి దాటరు కదా, అన్నారు.
కంప్యూటర్ల కుర్రాడొక్కడే నవ్వాడు:
మా దగ్గర నమ్మకాలేం ఉండవు సార్, తాళంచెవులే.
అన్నీ రాసుకున్నాను. ఒక్క పేజీలో పట్టాయి.
కింద పకోడీ నూనె మరకకి కూడా చోటు మిగిలింది.

ఫారానికి నూట పది రూపాయలు.
మూడో ప్రశ్న: సాధారణంగా మనుషుల్ని నమ్మొచ్చా?
అసలు నమ్మలేం అంటే ఒకటి,
పూర్తిగా నమ్మొచ్చు అంటే ఐదు.

కవిటి దాటాక కొబ్బరితోటల మధ్య
మడ్డు తవిటమ్మ ఇల్లు.
వాకిట్లో జీడిపిక్కలు ఆరబోస్తోంది.
జీడి కాటుకి వేళ్ళ చివర్లు నల్లబడి
వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి,
రేషను మిషను ఆమెని ఆమె అని ఒప్పుకోదట.
లోపల మంచం మీద దిల్లేసు.
నిన్న సోంపేటలో నెత్తురు కడిగించుకుని వచ్చాడు,
ఎల్లుండి మళ్ళీ వెళ్ళాలి.
గొట్టాల్లోంచి తన నెత్తురు బయటికెళ్ళి తిరిగొచ్చే ఆ నాలుగు గంటలూ
అతను దేన్ని నమ్ముకుని పడుకుంటాడో
నా ఫారంలో లేదు. అడగలేదు.

మూడో ప్రశ్న చదివాను.
తవిటమ్మకి వినపడలేదేమో అనుకుని మళ్ళీ చదివాను.
"ఇన్నాన్లే బాబూ" అంది.
"నీకు ముందు శానామందొచ్చినారు.
ఒకలు నెత్తురట్టుకెళ్ళినారు, ఒకలు ఉచ్చట్టుకెళ్ళినారు.
నూతిలో నీళ్ళు సీసాకెత్తినారు,
మట్టి కూడా, గుప్పెడు, కవర్లో ఏసి పేరు రాసినారు.
రిపోర్టొస్తాది, మళ్ళొస్తాం అన్నారు.
నువ్వేటి అట్టుకెళ్తావు?"

నేనేం పట్టుకెళ్తాను.
ఒక అంకె.

ఇంతలో గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.
స్టీలు గ్లాసు, అంచు మీద చుక్కలు చుక్కలుగా
ఎవరిదో పెళ్ళినాటి పేరు.
నా సంచీలో సీలు తియ్యని లీటరు సీసా ఉంది,
ఆ సంగతి నా భుజానికి తెలుసు.
బోరువా, కుళాయివా అని అడిగితే అదొక ప్రశ్న.
తాగితే అదొక జవాబు.
పందెం, గుండీ, వంతెన, తాళంచెవి,
నాలుగూ వరసగా గుర్తొచ్చాయి.
ఒక్కటీ గొంతు దిగలేదు.
పెదాలు తడుపుకుని గ్లాసు అరుగు మీద పెట్టాను.

తవిటమ్మ నా వంక చూడ్డం మానేసి
పిక్కలు తిరగెయ్యసాగింది.
అది ఆమె మర్యాద.
"ఎంత వెయ్యమంటావమ్మా, ఒకటా, ఐదా?" అన్నాను,
ఫారం వెనక దాక్కుని.
"నువ్వు తాగినంత ఏసుకో."

లేస్తూ లేస్తూ నోరు జారాను:
మళ్ళొస్తాను.
లోపల దిల్లేసు దగ్గాడో, నవ్వాడో.

సోంపేట బస్సు కుదుపుల్లో
టాబ్లెట్ మీద నమ్మకం అని కొట్టబోతే
చివరి సున్న పడలేదు.
నమ్మక, అని ఆగిపోయింది.
నమ్మక ఏం చేశాను?
నమ్మక పెదాలు తడుపుకున్నాను,
నమ్మక ఊరు దాటేశాను.
ఇంత సున్న. అర్ధణా బిళ్ళకన్నా చిన్నది.
అది ఉంటేనే ఆ మాట, లేకపోతే దాని విరుగుడు.
రెండు రోజుల శిక్షణలో
దాని గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

నలభై ఫారాల్లో ముప్ఫైతొమ్మిదే పంపాను.
నూట పది రూపాయలు తగ్గాయి, ఎందుకని ఎవరూ అడగలేదు.
తవిటమ్మది నా దగ్గరే ఉంది.
మూడో గడి ఖాళీ.
అరుగు మీద గ్లాసే
నిండుగా ఉండిపోయింది.